జీమంటే వదిలెయ్యాలి

“కరెంటు తగిలి మీ నాయనకుండే ఆ ఒక్క చెయ్యి కూడా పడిపోతాదేమోమే కామాక్షీ,” అన్నా నేను.

నా కూతురు నవ్వింది. “కరెంటు కాదమ్మా, బ్యాటరీ. నువ్వు టార్చిలైటుకు కూడా దండం పెట్టేటట్టుండావే!”

వల లాగే మోకు చుట్టుకోని మా ఆయన చెంచయ్య కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయినప్పటి నుంచి ఇంట్లో మాట తగ్గిపోయింది. ఎడంచెయ్యి కంచంలో పెట్టడు. నేను కలిపి నోటికందిస్తే తల వంచుకోని తింటాడు. నాయన తన చేత్తో తాను తినాలని, నెల్లూరులో డిప్లొమా చదివే కామాక్షి ఈ చెయ్యి చేసింది. ప్లాస్టిక్ పైపు ముక్కలు, నైలాన్ దారం, లోపల వేలికొకటి అగ్గిపెట్టంత నీలం మోటారు. సర్వో అంటారంట. ముంజేతి కండ బిగిస్తే వేళ్ళు ముడుచుకుంటాయి, వదులు చేస్తే తెరుచుకుంటాయి.

“బొమ్మ విమానాలకు పెట్టే మోటార్లు నాయనా ఇవి. లోపల ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు. చెంచా మోస్తాయి గానీ బిందె మొయ్యలేవు. బరువెక్కువై తిరగలేకపోతే జీమంటాయి. జీమంటే వెంటనే వదిలెయ్. బిగబట్టినావంటే లోపలి తీగ మాడిపోతాది.”

“పదిలంగా వాడుకుంటే ఎన్నేళ్ళొస్తాది?” అని నేనడిగినా.

“ఏళ్ళు యాడొస్తాదమ్మా. పళ్ళు అరిగిపోతాయి. ఈ ఉప్పుగాలికి ఇంకా తొందరగా పోతాయి.”

చెయ్యి పోవడం ఆయన ఇంకోసారి చూడాల్నా?

ఆ పూట మాత్రం చెంచాతో తిన్నాడు. సగం అన్నం ఒళ్ళో పడింది. అయినా తిన్నాడు.

మర్నాడు ఒడ్డున పెద్ద వల లాగుతుండారు. నా మరిది చిన్నబాబు కేకేసినాడు. “ఏమన్నా, కొత్త చెయ్యి చూపిచ్చేదానికేనా, పట్టేదానిక్కూడానా?”

ఎగతాళికే అన్నాడు. ఈయన పోయి ఎడంచేత్తో, ఆ బొమ్మచేత్తో కలిపి మోకు పట్టేసినాడు.

మా ఒడ్డున మోకు పట్టినోడు తనంతట తాను వదలకూడదు. ముందుండే పెద్దాయన ‘ఇడువు’ అంటేనే వదలాలి. ఒకడు ముందే వదిలితే వెనకోళ్ళంతా పడతారు.

చెయ్యి జీమనింది. “వదులు నాయనా!” అని అరస్తా కామాక్షి ఇసకలో పరిగెత్తింది. నేనూ అరిచినా. ఆయన పళ్ళు బిగబట్టి లాగతానే ఉండాడు. మాడిన వాసనొచ్చింది. జీమనడం ఆగిపోయింది. వల ఒడ్డెక్కినా ఆ వేళ్ళు మోకు మీదే బిగుసుకోనుంటే, కామాక్షి దారాలు కోసి విడిపించింది.

అందరూ చేపలు పంచుకోని పోయినారు. ఈయన తడి ఇసకలో కూలబడి సముద్రం వైపే చూస్తుండాడు. యాడ లేచి నీళ్ళల్లోకి నడస్తాడోనని నేను లుంగీ చెంగు పట్టుకోని పక్కనే కూర్చున్నా.

కామాక్షి కళ్ళు తుడుచుకుంది. “ఇత్తడి పళ్ళవి దొరుకుతాయి నాయనా. ఇంకొంచెం బరువు మోస్తాయి. మళ్ళీ చేసేదా?”

“ఏమయ్యా, బిడ్డ అడగతా ఉంది.”

ఎండ నెత్తికెక్కింది. కాకులు చిన్న చేపల కోసం కొట్లాడి ఎగిరిపోయినాయి. ఇసక ఆరిపోయింది. నేను చెంగు వదల్లేదు.

అప్పుడు నోరు తెరిచినాడు.

“వద్దు తల్లీ. మోకు కనపడితే నేను వదలను. అదీ మాడిపోతాది. ఇంటికి పోదాం పదండి. అన్నం నేనే తింటా, ఎడంచేత్తో.”