గెడ్డవలస చేరిన శాలువా

నేను ఒక శాలువాను. పట్టుదాన్నని పొరబడకండి. మరమగ్గం మీద నైలాన్ పోగుతో పుట్టినదాన్ని. అంచున మెరిసేది జరీ అని దుకాణంవాడు చెబుతాడు, కొనేవాడు నమ్మినట్టు తలూపుతాడు. చలికి ఆగను, వానకు ఆగను. అయినా నాకు గిరాకీ ఎక్కువే. ఫొటోలో బాగా పడతాను.

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో పూలదండలకూ జ్ఞాపికలకూ మధ్య కొన్నాళ్ళు మడతపడి ఉన్నాను. మొదటిసారి నన్ను బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక అధికారికి కప్పారు. ఆయన వెళ్ళిపోతున్నందుకు లోపల సంతోషిస్తున్న వాళ్ళే మైకు ముందు గొంతు పూడుకుపోయి మాట్లాడారు. ఇంటికి చేరి చూస్తే బీరువా నిండా నాలాంటివే. సామాను సర్దేటప్పుడు ఆయన భార్య మమ్మల్నందరినీ మూటకట్టి, తిరిగి ఆ దుకాణానికే సగం ధరకు ఇచ్చేసింది. దుకాణదారు నాకు ఇస్త్రీ చేసి, కొత్త కవరు తొడిగి, పాత ధరే చెప్పాడు.

ఆ ధరకే నన్ను రెండోసారి కొన్నవాడు వరహాలరావు. పట్టణంలో ఒక సాంస్కృతిక సంఘానికి కార్యదర్శి. ఆ ఏడు వాళ్ళ సన్మానం దూసి హైమవతమ్మకు.

హైమవతమ్మ తెలుగు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఒంటరిగా, పెన్షను మీద బతికేది. ఒక పత్రికలో వారం వారం వ్యాసం రాసేది. డబ్బు మనిషిని ఎలా నిలబెడుతుందో, ఎలా వంచుతుందో రాసేది. పాట బాగుందని మెచ్చుకున్న వాళ్ళు పాడినవాడు భోంచేశాడో లేదో ఎందుకు అడగరని రాసేది. ఆమె రాతల్లో కోపం ఉండేది, కానీ అరుపు ఉండేది కాదు.

సన్మానం రోజు హాలు గేటు దగ్గర తప్పెటగుళ్ళ దళం ఆడుతోంది. గుండెల మీద గుండ్రటి తప్పెట్లు వేలాడదీసుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలతో ఎగిరే ఆట అది. మిట్టమధ్యాహ్నం ఎండ. ముఖ్య అతిథి కారు రావడం ఆలస్యమైంది. వచ్చేదాకా ఆడమన్నారు, ఆడారు. కారు ఆగగానే వరహాలరావు చెయ్యి ఊపి, "చాలు చాలు, ఆపండి" అన్నాడు. దళం గోడ పక్కకు జరిగింది. లోపల వాళ్ళకు కుర్చీలు లేవు.

నన్ను హైమవతమ్మ భుజాల మీద కప్పారు. ఆమె మైకు దగ్గరికి వచ్చి, "మనం కళకు చప్పట్లు ఇస్తాం, డబ్బు మాత్రం టెంటువాడికి ఇస్తాం" అంది. జనం దానికీ చప్పట్లు కొట్టారు. ఆమె మెట్లు దిగి, గేటు దాకా నడిచి, నన్ను తీసి దళం నాయకుడికి కప్పింది. ఫోన్లన్నీ పైకి లేచాయి.

అతని పేరు సన్యాసప్పడు. యాభై దాటిన మనిషి, మేకలు కాసుకునేవాడు. నన్ను భుజం మీంచి తీసి, నెమ్మదిగా మడతపెట్టి, రెండు చేతులతో ఆమెకే ఇచ్చాడు.

"ఇది నీకు కప్పినారమ్మా. మాకు కప్పాలంటే ఆళ్ళే పిలిసి కప్పాల. నువ్వు కప్పితే అది నీ మంచితనమే గానీ మా మరియాద కాదు గదా."

ఆ మాటలో కోపం లేదు. అందుకే హైమవతమ్మకు మరింత గట్టిగా తగిలింది.

ఆ వారం ఆమె అదంతా వ్యాసంగా రాసింది. సన్యాసప్పడి మాటల్ని ఆకాశానికెత్తింది. దళాన్ని వేదిక మీద ఆడించాలనీ, శాస్త్రీయ నృత్యానికి ఎంత ఇస్తే వీళ్ళకూ అంతే ఇవ్వాలనీ, లేదంటే ఆ సంఘం గడప తొక్కననీ రాసింది. వరహాలరావు ఫోన్ చేసి, "కమిటీలో పెడతాం మేడమ్" అన్నాడు. చాలామంది పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. కొన్నాళ్ళు ఆమె ముఖం తేటగా ఉండేది.

మరుసటి ఏడు సన్మాన సభకు గేటు దగ్గర రెండు పెద్ద స్పీకరు పెట్టెలు పెట్టారు. అతిథి వచ్చేదాకా సినిమా పాటలు మోగాయి. తప్పెటగుళ్ళు లేవు. గొడవలెందుకని కమిటీ ఆ ఖర్చే తీసేసింది.

ఈ సంగతి తెలిసిన రోజు హైమవతమ్మ అన్నం కలిపి, తినకుండానే చెయ్యి కడిగేసుకుంది. మర్నాడు పొద్దున్నే నన్ను ఒంటికి చుట్టుకుని బస్సెక్కింది. మార్గశిర మాసం చలి. నేను ఆగనని తెలిసి కూడా నన్నే చుట్టుకుంది, ఇంట్లో మరొకటి ఉందో లేదో నాకు తెలియదు. దారి పొడవునా కిటికీలోంచి బయటికే చూస్తూ, పెదాలు కదుపుతూ, సన్యాసప్పడితో ఏం చెప్పాలో కూర్చుకుంటూ ఉంది.

గెడ్డవలసలో అతని ఇంటి చూరు కింద తప్పెట్లు వేలాడుతున్నాయి. అతని భార్య పైడమ్మ మంచం వాల్చింది.

కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "నా వల్ల మీ ఆట పోయింది" అని మాత్రం అంది.

సన్యాసప్పడు తల గోక్కున్నాడు. "పోయిందమ్మా. అబద్దమెందుకు? ఆ డబ్బుల్తోనే ఏటా గజ్జెలూ తప్పెట్లూ బాగుసేయించుకునేవోళ్ళం. ఈపాలి నేదు." మంచానికి ఎదురుగా చతికిలబడ్డాడు. "నువ్వు రాసింది బడికెల్లే మా గుంటలు సదివి ఇనిపించినారు. నన్ను దేవుణ్ణి సేసీసినావు. గానీ మాకేటి కావాలో ఒకపాలైనా మమ్మల్ని అడిగినావేటి?"

హైమవతమ్మ కళ్ళు దించుకుంది. ఇన్నేళ్ళుగా న్యాయం గురించి రాస్తున్న ఆమె వేళ్ళు నా అంచును మెలిపెడుతూ ఉన్నాయి.

"అడగలేదు నాయనా. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు."

"ముందు టీ తాగమ్మా" అన్నాడతను. తర్వాత నింపాదిగా చెప్పాడు. "స్టేజీ మాకొద్దు. సెక్కల మీద కాలు జారతాది, మాకు నేల కావాల. ఎండలో గాకుండా నీడలో ఆడించాల. ఒప్పుకున్న డబ్బు ఆ పూటే సేతిలో పెట్టాల, నెల్లాళ్ళు తిప్పకూడదు. మైకులో మా ఊరి పేరు సెప్పాల. అంతే."

"డబ్బు ఎక్కువ అడగవా?"

"నానడుగుతాను. నువ్వు పక్కన కూకో, సాలు."

ఆమె లేవబోతుంటే పైడమ్మ నన్ను వేళ్ళతో తడిమి చూసింది. "ఈ గుడ్డ నాకిచ్చీ అమ్మా. తప్పెట కింద మెత్త కుడతాను. ఆడినప్పుడల్లా ఆళ్ళ గుండెలు కమిలిపోతన్నాయి."

హైమవతమ్మ తటపటాయించింది. "మీ ఆయన శాలువా వద్దన్నాడు కదమ్మా?"

"ఆయన వొద్దన్నది సాలువా. నానడిగింది గుడ్డ."

హైమవతమ్మ నవ్వింది. ఆ ఏడాదిలో ఆమె అంత హాయిగా నవ్వగా నేను చూడలేదు. చలిలోనే ఉత్త చీరతో బస్సెక్కింది. పైడమ్మ కత్తెర తీసింది. నొప్పి గురించి అడగకండి. బీరువాలో మడతపడి ఉండడం కంటే తక్కువే.

ఆ తర్వాత జరిగింది సన్యాసప్పడు ఇంటికొచ్చి పైడమ్మతో చెబుతుండగా విన్నాను. ఇతనూ హైమవతమ్మా కలిసి వరహాలరావు దగ్గరికి వెళ్ళారట. మాట్లాడిందంతా ఇతనే. హైమవతమ్మ పక్క కుర్చీలో నోరు మెదపకుండా కూర్చుందట. మాట్లాడకుండా కూర్చోవడం ఆవిడకు ఎంత కష్టమైందో మొహం చూస్తే తెలిసిందని ఇతను నవ్వాడు. వరహాలరావు బేరమాడాడు. టెంటుకు ఒప్పుకున్నాడు, ఆ పూటే డబ్బిస్తానన్నాడు. మొత్తం మాత్రం అడిగినంత పెంచలేదు, కొంచెమే పెంచాడు. నృత్యం చేసే అమ్మాయిలకు ఇచ్చేదాంట్లో అది సగం కూడా కాదు. దాని గురించి హైమవతమ్మ ఈసారి వ్యాసం రాయలేదు. "వచ్చే ఏడు మళ్ళీ అడుగుదాం, నేనూ వస్తాను" అందట.

ఆ తర్వాతి సన్మాన సభ రోజు నేను పదిహేను ముక్కలుగా పదిహేను గుండెల మీద ఉన్నాను. పెద్ద ముక్క సన్యాసప్పడిది. ఈసారి హాలు బయటే వేదిక వేసి, దాని ముందు నేల మీద నీళ్ళు చల్లి, పైన టెంటు కట్టారు. ముందు వరసలో హైమవతమ్మ. జనం కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.

వరహాలరావు మైకు అందుకున్నాడు. "ఇప్పుడు గడ్డివలస నుంచి వచ్చిన కళాకారులు..."

సన్యాసప్పడు గాల్లోకి ఎత్తిన చేతులు అలాగే ఆపాడు. దళమంతా ఆగింది.

"గడ్డివలస కాదు బాబూ, గెడ్డవలస."

"అదే, అదే. మొదలుపెట్టండి."

చేతులు దిగలేదు. "మైకులో సెప్పండి బాబూ."

వెనక వరసల వాళ్ళు లేచి చూశారు. హైమవతమ్మ ఏదో అనబోయి, ఆగి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అతని గుండె నాకు తగులుతూనే ఉంది, గట్టిగా, తొందర లేకుండా.

వరహాలరావు గొంతు సవరించుకుని, "గెడ్డవలస" అన్నాడు.

అప్పుడు చేతులు దిగాయి.