కుడివైపు పేజీ

ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని అర చెంచా కూర నోట్లో వేసుకున్నాక గుర్తొచ్చింది ఆవిడకి, ఇవాళ్టి నుంచి తను ఏమీ తినకూడదని. మింగాలా ఉమ్మాలా అని తేల్చుకునేలోపే అది కాస్తా గొంతు దిగిపోయింది. డిటాక్స్ మొదలై అప్పటికి గంటన్నర.

"ఇద్దరం కలిసి చేద్దాం," అన్నాడు భర్త ముందు రోజు, ఫోన్లోంచి తలెత్తకుండానే. "ఏడు రోజులు. రోజుకి ఆరు గ్లాసుల జ్యూసు, అంతే. ఒంట్లో చెత్తంతా పోతుంది. నీకే మంచిది, అద్దంలో చూసుకుంటున్నావా అసలు?" చివరి మాట నవ్వుతూ అన్నాడు కాబట్టి దాన్ని వేళాకోళం కిందే తీసుకోవాలి. ఆవిడా అలాగే తీసుకుంది. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల సంబరపడింది కూడా. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన నోట "ఇద్దరం కలిసి" అన్న మాట వచ్చిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కలిసి అంటే ఏమిటో మర్నాడు అయిదింటికే తెలిసొచ్చింది. కీరాలు చెక్కు తీయడం, ఆకుకూర నాలుగు నీళ్లలో కడగడం, ఆపిళ్లు కోసి గింజలు తీయడం, మిక్సీలో తిప్పడం, వడకట్టడం, జల్లెడలో ఇరుక్కున్న పీచుని పాత బ్రష్షుతో తోమడం ఆవిడ వంతు. తాగడం ఆయన వంతు. అదయ్యాక అత్తగారికీ పాపకీ మామూలు వంట. వాళ్లకేం పట్టింది డిటాక్సు?

పుస్తకం ఆలోచన కూడా ఆయనదే. ఫ్రిజ్ తలుపుకి దారంతో వేలాడదీశాడు. ఎడమ పేజీ ఆయనది, కుడి పేజీ ఆవిడది. "జ్యూసు కాక నోట్లోకి ఏది వెళ్లినా రాయాలి. దొంగతనాలు కుదరవు," అన్నాడు. ఆవిడకి దొంగరాతలు ఎలాగూ చేతకావు. స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేసే ఉద్యోగం. అంకె తప్పు పడితే ఎవరి ప్రాణం మీదికొస్తుందోనని ప్రతిదీ రెండుసార్లు చదువుతుంది. అందుకే కుడి పేజీలో మొదటి వరసే ఇలా పడింది: కూర, అర చెంచా, ఉప్పు కోసం.

మొదటిదే కానీ ఆఖరుది కాదు. పాప పాలల్లో ముంచి వదిలేసిన రొట్టె అంచు. అత్తగారి గిన్నె అడుగున చల్లారిన సూపు, "పారబోయకమ్మాయ్, మంచిది కాదు" అన్నందుకు. వడకట్టాక మిగిలిన పిప్పి, గుప్పెడు. మాడిన రొట్టె, సగం. చెయ్యి దాని పని అది చేసుకుపోయేది, నోరు మూతపడ్డాక గానీ బుద్ధి మేలుకునేది కాదు. ఛీ, ఏం మనిషిని అనుకుంటూ చేతులు తుడుచుకుని వెళ్లి రాసేది. రెండో రోజు నుంచి ఆయనకి నీరసంగా ఉంటోందని సాయంత్రం తన గ్లాసు కూడా ఆయనకే ఇచ్చేస్తోంది. అది మాత్రం ఎక్కడా రాయలేదు. నోట్లోకి వెళ్లింది రాయమన్నాడు గానీ వెళ్లనిది రాయమనలేదుగా.

మూడో రోజు సెంటర్లో ఎవరిదో పుట్టినరోజు. కేకు వద్దంది. "డైటింగా? ఎప్పటి నుంచి మొదలుపెడుతున్నారు?" అన్నాడు డాక్టరు. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. ఇంటికొచ్చి, పాప టిఫిను డబ్బాలో మిగిలిందంతా సింకు దగ్గర నిలబడే తినేసింది. తిన్నాక ఏడుపొచ్చింది. ఆయన అంత నిష్ఠగా చేస్తుంటే కలిసి చేస్తానని ఒప్పుకున్న తను ఇలా దొంగతిండి తింటోంది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చి, వెళ్లి అదీ రాసింది.

ఏడో రోజు ఆదివారం. మధ్యాహ్నం ఆయన పుస్తకం విప్పి, తల్లి ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని పైకి చదివాడు. "ముప్పై నాలుగుసార్లు!" కోపం కాదు, కడుపుబ్బ నవ్వు. "నా పేజీ చూడమ్మా, కడిగిన ముత్యం. దీనికి నోరు కట్టుకోవడం రాదు."

"వంటింట్లో తిరిగేదానికి ఎలా కుదురుతుందిరా," అంది అత్తగారు, వెనకేసుకొస్తున్నాననే అనుకుని.

తప్పయిపోయిందండీ అనబోయింది. పుస్తకం అందుకుని, అలవాటు కొద్దీ రెండోసారి చదివింది. పాప వదిలేసింది. అత్తయ్య మిగిల్చింది. మాడిపోయింది. ఉప్పు చూడ్డానికి. ముప్పై నాలుగు వరసల్లోనూ తన కోసం వండిందంటూ ఒక్కటీ లేదు, కూర్చుని తిన్నదీ లేదు. డిటాక్స్ కదా, ఎలా ఉంటుందిలే అని సర్దిచెప్పుకోబోయి ఆగింది. పోయిన వారం రాసి ఉంటే? పోయిన ఏడాది? ఈ పేజీ అచ్చం ఇలాగే ఉండేది.

పుస్తకం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. అన్నం పొయ్యి మీద పెట్టి, రెండు గుడ్లు వేయించి, కూర వేడి చేసి, అందరి కంచాల్లోకీ పెద్దది తీసి వడ్డించుకుని వచ్చి ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"ఒక్క పూట ఆగలేవా?" అన్నాడు ఆయన. "సరేగానీ, నా నాలుగో గ్లాసేది?"

"కీరాలు కింది అరలో ఉన్నాయండీ."

అత్తగారు కళ్లజోడు సవరించుకుని కోడలి వైపు చూసింది. ఆవిడకి ఘోరమైన తప్పేదో చేస్తున్నట్టే ఉంది. అలా ఉండగానే తింది, నింపాదిగా, కంచం ఖాళీ అయ్యేదాకా. తర్వాత చెయ్యి కడుక్కుని పెన్ను తీసి ముప్పై అయిదో వరస రాసింది: అన్నం, కూర, రెండు గుడ్లు. వేడిగా. నా కోసం వండుకున్నది.