చిన్న అంగల లెక్క

ఏడో కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి త్రేసమ్మ చేతిలోని గుడ్డ నల్లబడింది. పాత నేత చీర చింపిన గుడ్డ అది. మడత మార్చి, తెల్లగా ఉన్న వైపు బయటికి తిప్పి, తెరను పైనుంచి కిందికి ఒకే వాలుగా తుడిచింది. కిటికీ అంచుమీద టాటానగర్ కారఖానాల ఎర్రదుమ్ము అప్పుడే పేరుకుంది. ముప్పై మూడేళ్లుగా ఆమె తుడుస్తూనే ఉంది, అది పడుతూనే ఉంది. రేపటినుంచి ఈ ఫిజిక్స్ ల్యాబ్ ఎవరు తుడుస్తారో ఎవరూ చెప్పలేదు.

పొట్టి మనిషి. ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది. కుడిచేతి చూపుడువేలి గోరు మాత్రం చదునుగా కత్తిరించి ఉంటుంది. కాల్కులేటర్ మీటలు నొక్కే రోజుల్లో అబ్బిన అలవాటు. ఆ పని పోయినా గోరు అలాగే కత్తిరించుకుంటోంది.

ఈరోజు టిఫిన్ డబ్బాతోపాటు ఒక పొడుగు నోట్‌బుక్కు కూడా సంచిలో పెట్టుకొచ్చింది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట కాలేజీలో ఉన్న ఒక్క కంప్యూటరూ ఆఫీసుగదిలో ఉండేది. గిన్నెలాంటి నిటారు గోడల మధ్య చిక్కుకున్న ఎలక్ట్రాన్‌కు ఏయే శక్తులు కుదురుతాయో తేల్చాలని ఫిజిక్స్ చెప్పే సీతారామరావు సార్ పట్టుదల. ఆ సమీకరణాన్ని సూటిగా విప్పే దారి లేదు. ఒక శక్తిని ఊహించుకుని, నడిమినుంచి ఒక గీతను చిన్న చిన్న అంగలతో బయటికి, దూరపు చివరనుంచి ఇంకో గీతను లోపలికి నడిపించుకురావాలి. రెండూ కలిసేచోట వాలు అతకకపోతే ఊహ తప్పు. మళ్లీ మొదటికి. ఆ అంకెల పనిని సార్ ఒక కాల్కులేటర్ ఇచ్చి, అటెండర్ త్రేసమ్మకు అప్పగించారు.

ఇంటర్ చదివిన త్రేసమ్మకు ఆ గీత ఏమిటో తెలియదు. కానీ జాకెట్టు పక్కకుట్టు రెండు చివరలనుంచీ కుట్టుకొస్తే, కొలత తప్పినప్పుడు నడుమ గుడ్డ ఉబ్బుతుందని తెలుసు. సార్ చెబుతున్నది అదేనని రెండో రోజే పట్టుకుంది. బారిడీహ్‌లోని ఇంట్లో కూతురు స్టెఫీని పక్కన కూర్చోబెట్టుకుని, కుక్కర్ ఒక కూతకూ మరో కూతకూ మధ్య ఒక వరుస పూర్తిచేసేది. ఒక్కో ఊహకు ఎనభై వరుసలు. పదకొండు ఊహలు పట్టాయి. మూడో శక్తికి చివరికి తేలిన విలువ 7.4557.

సార్ వ్యాసం రాశారు. అప్పటి హెడ్ దాన్ని తిరగేసి, అటెండర్ చేసిన లెక్కకు కాలేజీ పేరు తగిలించలేమన్నాడు. టీ పళ్లెంతో తలుపు దగ్గరే ఉన్న త్రేసమ్మ ఆ మాట విన్నది. వ్యాసం బీరువాలోకి వెళ్లింది. సార్ రిటైరయ్యారు, ఆ తర్వాత పోయారు. ఏనాడూ ఆమెను ఒక్క మాట అనలేదు. అననందుకే అది లోపల గుచ్చుకుంటూ ఉండిపోయింది. నిజంగానే ఏ వరుసలోనో అంకె జారిందా? సార్ చదువును తన చెయ్యే పాడుచేసిందా?

"ఆంటీ! ఆజ్ లాస్ట్ డే హై నా? సమోసా పక్కా?"

ఎమ్మెస్సీ చదివే యోగిత. టాటానగర్ రైల్వే క్వార్టర్స్ పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి హిందీయే వస్తుంది.

"సమోసాలు మూడింటికి. ముందు సెప్పులు బైట ఇప్పీసి రాయే. ఇప్పుడే తుడిసినాను."

యోగిత ప్రాజెక్టు కూడా అలాంటి లెక్కే. వారంగా త్రేసమ్మ ఆ తెరమీది గీతలను వెనకనుంచి చూస్తోంది. అడుగుదామని వచ్చిన మాటను రోజూ మింగేస్తోంది. ఇక రేపు లేదు.

"అమ్మా, నీ ప్రోగ్రాములో గిన్నె మార్సొచ్చా?"

"గిన్నె? పొటెన్షియల్?"

"అదే. సీతారామరావు సార్ది. ఇందులో రాసుంది."

యోగిత నోట్‌బుక్కు తెరిచింది. ముత్యాల్లాంటి అంకెలు, పేజీ తర్వాత పేజీ. నలభై ఒకటో వరుస పక్కన పసుపు వేలిముద్ర.

"యే సబ్ ఆప్‌నే కియా? హాథ్ సే?"

"మరేటి, కాల్తోనా?"

యోగిత నవ్వి, గిన్నె మార్చి, మీట నొక్కింది. ఊపిరి తీసేలోపు జవాబు వచ్చింది. 7.4543.

"థోడా ఫరక్ హై, ఆంటీ. చల్తా హై."

"సల్తా హై ఏటే? పాయింటు తర్వాత మూడో అంకెకాడే తేడా వచ్చీసింది."

త్రేసమ్మ స్టూలు మీద కూలబడింది. చేతిలో గుడ్డ ఉండ అయింది. బీరువా తాళం వేస్తున్న సార్ వీపు కళ్లముందు కదిలింది. తలెత్తితే తెరమీద పైవరుస కనిపించింది. ఎనభైసార్లు పదకొండు మార్లు తిరిగిన కళ్లు అక్కడే ఆగాయి.

"అదేటి, జీరో పాయింట్ టూ?"

"స్టెప్. జల్దీ హోతా హై."

"మెషీన్‌కి తొందరేటమ్మా, దానికేమైనా పొయ్యి మీద కూరుందా? నేను జీరో పాయింట్ జీరో ఫైవ్ ఏసినాను."

యోగిత చూపు మారింది. అంగను సగం చేసింది. 7.4556. మళ్లీ సగం చేసింది.

7.4557.

పైన ఫ్యాను తిరుగుతోంది. తెరలు ముట్టుకోవద్దని ఇన్నేళ్లూ పిల్లలమీద అరిచిన త్రేసమ్మ, చదునుగోరు వేలితో ఆ ఆఖరి ఏడును ముట్టుకుంది.

"మీ పూరా నామ్?" యోగిత పెన్ను తీసింది.

"ఎందుకమ్మా?"

"రిపోర్ట్‌లో టేబుల్ ఉంటుంది ఆంటీ. పహలే ఆప్‌కా నామ్, ఫిర్ మేరా."

ఆ పిల్ల నోట సొంతంగా తెలుగు వాక్యం రావడం త్రేసమ్మ మొదటిసారి విన్నది.

"బొంతు త్రేసమ్మ. సార్ పేరు ముందు ఎయ్యి."

మూడింటికి హెడ్ గౌరీదేవి మేడమ్ శాలువా కప్పింది. సమోసాలు చాల్లేదు. నాలుగింటికి త్రేసమ్మ తాళాలగుత్తి మేకుకు తగిలించి, మెట్లు దిగి, బారిడీహ్ వైపు వెళ్లే ఆటోలో ఒక అంచున కూర్చుంది. నోట్‌బుక్కు లేని సంచి ఒళ్లో తేలిగ్గా ఉంది. రాత్రికి స్టెఫీ ఫోన్ చేస్తే ఏం చెప్పాలో వరుస కట్టుకుంటూ తనలో తానే నవ్వుకుంది.

ల్యాబులో ఏడో కంప్యూటర్ పక్కన నోట్‌బుక్కు ఉంది. దుమ్ము పడకుండా దాని మీద ఉతికి ఆరబెట్టిన నేతచీర గుడ్డ, తెల్లటి వైపు పైకి.