ముప్పై నాలుగు ఎర్రతల బాతులు

ఎలినోర్ పలికేది, ఆస్టా రాసేది. పంతొమ్మిదేళ్ళు అలాగే సాగింది. నెల మధ్యలో వచ్చే ఆదివారం పొద్దున, డెన్మార్క్‌లో ప్రతి సరస్సు దగ్గరా ఎవరో ఒకరు నిలబడి నీటిపక్షుల్ని లెక్కపెట్టే రోజున, వీళ్ళిద్దరూ పడమటి ఒడ్డున రెల్లు అంచులో ఉన్న చెక్క మంచె ఎక్కేవారు. ఎలినోర్ టెలిస్కోపుకు ఆనించిన కన్ను ఇక తీసేది కాదు. పరజ బాతులు పదకొండు, హంసలు నాలుగు, అందులో ఒకటి పిల్ల అంటూ చెప్పుకుపోయేది. ఆస్టా మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకుని పెన్సిలుతో అందుకునేది. తల ఎత్తితే అంకె జారిపోతుంది. అందుకని ఎత్తేది కాదు.

ఏప్రిల్‌లో ఎలినోర్ పోయింది. టెలిస్కోపు ఆస్టాకు ఇమ్మని కాగితం మీద రాసిపెట్టి మరీ పోయింది.

సరస్సు మొత్తానికి లెక్కలు కూర్చేది కాస్పర్. ముప్పై ఐదేళ్ళవాడు, మర్యాదస్తుడు. సెప్టెంబరులో ఆస్టా పంపిన కాగితంలో సగం గళ్ళు ఖాళీగా కనిపించేసరికి ఫోన్ చేసి, పడమటి ఒడ్డును తూర్పు ఒడ్డు జట్టుకు కలిపేస్తే ఆవిడకు శ్రమ తప్పుతుందేమోనని మెల్లగా అన్నాడు. ఆస్టా అక్టోబరు ఒక్కటి చూడమని అడిగింది. అడిగాక ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ మంచె పోతే నెలలో ఏ రోజుకీ పేరుండదు ఆమెకు. మంగళవారమైనా ఒకటే, శుక్రవారమైనా ఒకటే.

అక్టోబరు ఆదివారం గాలి చల్లగా, నీరు బూడిదరంగులో ఉంది. ఫ్లాస్కు, రై రొట్టె పెట్టిన డబ్బా బల్ల మీద పెట్టి, ఆస్టా టెలిస్కోపును దాని మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టింది. చూడటం, చూసింది గుర్తుపెట్టుకుని వంగి రాయడం, మళ్ళీ తలెత్తి ఎక్కడ ఆపిందో వెతుక్కోవడం. ఒక్క మనిషికి ఇద్దరి పని. నుదుట తెల్ల మచ్చ ఉన్న నీటికోళ్ళను మూడుసార్లు లెక్కపెడితే మూడు అంకెలు వచ్చాయి. మధ్య అంకె వేసుకుంది.

పదకొండు దాటాక, వాగు వచ్చి కలిసే చోట, రెల్లు నీడలో అవి కనిపించాయి. బూడిద ఒళ్ళు, ఇటుకరంగు తల. ఎర్రతల బాతులు. పగలు గుంపుగా కునుకు తీయడం వాటికి అలవాటే, ఇవీ అలాగే గాలికి ముఖం పెట్టి నీటి మీద ఊగుతున్నాయి. కదలని పక్షిని లెక్కపెట్టడం ఎంత సుఖమో ఆమెకు అప్పుడే తెలిసింది. ముప్పై నాలుగు. మళ్ళీ ముప్పై నాలుగు. ఈ ఒడ్డున అక్టోబరులో అన్ని ఎప్పుడూ లెక్కలో పడలేదు.

ఆ తరువాత తెల్లతోక గద్ద వచ్చింది. తలుపు రెక్కంత రెక్కలు చాచి వాగు మీదుగా కిందికి దిగింది. పరజలు ఒక్కసారిగా లేచిపోయాయి, నీటికోళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటూ ముద్దగా చేరాయి. గద్ద ఏమీ పట్టకుండానే వెళ్ళిపోయింది. ఆస్టా గద్ద ఒకటి అని రాసి, మంచె మీద నుంచే కాస్పర్‌కు ఫోన్ చేసింది.

ముప్పై నాలుగు అనగానే అతను ఆ అంకె మళ్ళీ చెప్పించుకున్నాడు.

"ఆస్టా గారూ, తూర్పు ఒడ్డున నలుగురు కూర్చుని మూడే చూశారండీ. మీ ఒడ్డు మీకే. ఇక ఆ మాట ఎత్తను."

ఇంటికెళ్ళి సూప్ వేడి చేసుకుంది. చాలా రోజులకు రెండో గిన్నె కూడా తాగింది. తరువాత కాగితం శుభ్రంగా తిరగరాయడానికి కూర్చుంది. గద్ద ఎన్ని గంటలకు వచ్చింది, పక్షులు ఏం చేశాయి అన్న గడి దగ్గర పెన్సిలు ఆగిపోయింది. ఆ గడిలో ఆమె ఇన్నేళ్ళుగా ఎక్కువసార్లు ఒకటే మాట రాస్తూ వచ్చింది, గద్ద పైన, అన్నీ లేచాయి. కళ్ళు మూసుకుని రాయగలదు. పాత పుస్తకాలు దించి తిరగేసింది. గద్ద వస్తే ఎర్రతలలు లేచాయి, లేదా మునిగాయి, లేదా నడినీటికి ఈదాయి. ఇవాళ్టిలా కునుకు తీస్తూ ఉండిపోయాయని ఒక్క చోటా లేదు.

కోటు వేసుకుని, టెలిస్కోపు భుజాన తగిలించుకుని సైకిలు తీసింది.

పడవలు కట్టే చోట వెర్నర్ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె వీధిలోనే ఉంటాడు, బాతుల వేటగాడు. పడవలో తడిసిన వల సంచీ ఉంది, దాని కన్నాల్లోంచి ఇటుకరంగు తలలు తొంగిచూస్తున్నాయి. ప్లాస్టిక్‌వి. ఆస్టా సైకిలు దిగి వాటినే చూస్తూ ఉండిపోయింది. అతనే చెప్పాడు. ఎర బాతుల్ని నిన్న సాయంత్రం నీళ్ళలో వదిలాడట, పొద్దున్నే వద్దామంటే నడుం పట్టేసిందట, ఇప్పుడు తీసుకెళుతున్నాడట. చెబుతూ చెబుతూ ఆమె ముఖం చూశాడు.

"కొంపదీసి వీటిని లెక్కపెట్టావా ఏంటి?"

ఆస్టా సైకిలును గట్టుకు ఆనించింది.

"అయ్యో రామా! బాతుల్ని మోసం చెయ్యడానికి పెట్టాను గానీ, నిన్ను కాదు కదే తల్లీ." నవ్వాడు, వెంటనే నడుం పట్టుకుని మూలిగాడు. "ఎన్నని వేశావు?"

"ముప్పై నాలుగు."

"నావి ముప్పై రెండే." సంచీని కాలితో తోశాడు. "పోనీలే ఆస్టా, ఎగిరిపోయాయని చెప్పు. బాతులన్నాక ఎగరవా? నేనెవరికీ చెప్పను. నాకూ పరువు తక్కువే, ఒక్క బాతు రాలేదు, నువ్వొచ్చి పడ్డావు."

అతను మంచివాడే. ఆ మాట అబద్ధంలా కూడా అనిపించలేదు, నీటి మీద ఇప్పుడు నిజంగానే అవి లేవు. రేపు ఎవరు వచ్చి చూసినా ఎగిరిపోయాయనే అనుకుంటారు. ఒడ్డు ఆమెకే ఉంటుంది. నవంబరు, డిసెంబరు, ఓపిక ఉన్నంత కాలం. సంచీలోంచి కారిన నీళ్ళు ఆమె బూట్ల దాకా వచ్చాయి. వెర్నర్‌కు నడుం మీద వేడినీళ్ళ సంచీ పెట్టుకోమని చెప్పి మంచె వైపు నడిచింది.

మెట్లు ఎక్కుతూనే కాస్పర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అతను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. అందరికీ జరుగుతుందండీ అన్నాడు, కానీ ఎవరికి జరిగిందో చెప్పలేదు. అయితే రెండు అని వేసుకుంటాను, ముప్పై నాలుగులోంచి ముప్పై రెండు పోగా, అన్నాడు.

"వద్దు కాస్పర్. ఆ రెండూ తీసివేతలో మిగిలినవి, నేను చూసినవి కాదు. కాసేపాగి చేస్తాను."

వెలుతురు ఇంకా గంట ఉంది. ఈసారి పుస్తకం సంచీలోంచి తీయలేదు. వాగు మొదట్లోంచి మొదలుపెట్టి, రెల్లు వెంబడి ఒక్కో జానెడు నీటినీ చూస్తూ పోయింది. నీటికోళ్ళు. ఒక హంస. ఒక మునుగుడు కోడి, మెడ నిటారుగా. పిల్లిగద్ద ఒకటి రెల్లు మీద ఊగుతూ తిరిగింది, ఇంకా దక్షిణానికి పోలేదన్నమాట. ఉన్నట్టుండి విరిగిన మొద్దు పక్కన, ఎర్ర తల. వెర్నర్ ఒకటి మరిచిపోయాడేమో. కంట్లో నీళ్ళు ఊరుతున్నా తుడుచుకోలేదు. తల కాస్త పక్కకు తిరిగింది, వంగింది, నీటి మీద వలయం మిగిలింది. పక్షి లేదు. ఆస్టా లోపల ఇరవై దాకా లెక్కపెట్టింది. అది రెండు బారల అవతల పైకి వచ్చి తల విదిలించుకుంది.

రెండోదాని కోసం నీరు నల్లబడే దాకా వెతికింది. కనిపించలేదు.

ఒకటి అని చెప్పింది కాస్పర్‌కు. అతను సరేనని, నవంబరు నుంచి ఈ ఒడ్డు తూర్పువాళ్ళకు అప్పగిస్తున్నానన్నాడు. ఆవిడకు ఇష్టమైతే వాళ్ళ పక్కన కూర్చుని రాసిపెట్టవచ్చట, అంత కుదురైన రాత ఎవరికీ లేదట.

"లేదు కాస్పర్, రాయడం చాలించాను," అంది ఆస్టా. "టెలిస్కోపు మాత్రం నా దగ్గరే ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక చేతులు చంకల్లో దూర్చుకుని కూర్చుంది. ఆ బాతు మళ్ళీ మునిగింది. ఎటు తేలుతుందో ఆమె ఊహించి అటే చూసింది. తప్పింది, మళ్ళీ చూసింది.