తోక రేకు మీద రెండో సంతకం

ముప్పై నాలుగేళ్లు విమానాల మరమ్మతు షెడ్డులో ఇంజినీరుగా పనిచేశాను. అందులో పదిహేడేళ్లు నా సంతకం లేనిదే ఏ విమానమూ ఆ షెడ్డు గడప దాటలేదు. గొప్పకు చెప్పడం లేదు. చెప్పబోయే సంగతిలో తప్పు ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఇది ముందుగా చెప్పాలి.

మావి ఎనిమిది మంది ఎక్కే చిన్న విమానాలు. పైలట్ సీటు పక్కన పళ్లెమంత చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని వెనక్కి తిప్పితే విమానం ముక్కు పైకి లేవాలి. ఆ పని నిజానికి చేసేది తోక అంచున ఉండే మూరెడు పొడవు రేకు. చక్రం వెనక్కి తిరిగినప్పుడు రేకు కిందికి వంగాలి. రేకు కిందికి వంగితే ముక్కు పైకి లేవడం తిరకాసులా వినిపిస్తుంది గాని, గాలి లెక్క అంతే. చక్రాన్నీ రేకునూ కలిపేవి రెండు ఉక్కు తీగలు. కొత్తవి వేసేటప్పుడు వాటిని తారుమారుగా బిగిస్తే, పైలట్ ముక్కు ఎత్తబోయినప్పుడల్లా అది దిగుతుంది. సీట్లోంచి చూస్తే తోక కనిపించదు. అందువల్ల ఆ తీగలు మార్చినప్పుడు బిగించినవాడు లోపల చక్రం తిప్పాలి, రెండోవాడు తోక దగ్గర నిలబడి రేకు ఎటు కదిలిందో కళ్లారా చూడాలి. తర్వాత ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇది నియమం. మా షెడ్డుకు మాత్రమే ఉన్న వాడుక మరొకటుంది. సంతకం పెట్టిన ఇద్దరూ ఆ తర్వాతి పరీక్ష ప్రయాణంలో వెనక సీట్లలో కూర్చోవాలి. పాత మేనేజరొకాయన పెట్టిన వాడుక అది. సంతకానికి అంతకన్నా మంచి పూచీ లేదని ఆయన ఉద్దేశం. ఆ ఉద్దేశంలో లోపం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ శుక్రవారం తీగలు బిగించినవాణ్ణి నేను. రెండో తనిఖీకి నిలబడినవాడు మా బావమరిది, నా భార్యకు స్వయానా తమ్ముడు. పదకొండేళ్లుగా అదే షెడ్డులో మెకానిక్. ఇంజినీరు లైసెన్సు పరీక్ష మూడుసార్లు తప్పి, నాలుగోసారి గట్టెక్కాడు. ఇక మిగిలింది సోమవారం నాటి ఇంటర్వ్యూ ఒక్కటే. దానికి ఆధారం నేను రాసిచ్చిన సిఫారసు. తనిఖీలో తప్పు చేసినట్టు నమోదైతే ఆ సిఫారసు ఏడాది పాటు చెల్లదు. ఇంట్లో మా ఆవిడ వారం రోజులుగా తమ్ముడి లైసెన్సు తప్ప వేరే మాట ఎత్తడం లేదు.

నేను సీట్లో కూర్చుని చక్రాన్ని వెనక్కి తిప్పి, పక్క కిటికీలోంచి కేకేశాను.

"రేకు కిందికి వంగింది కదూ?"

"ఆఁ, వంగింది బావగారూ!"

ముందుకు తిప్పాను. "పైకి లేచింది కదూ?"

"లేచింది!"

ఇద్దరం సంతకాలు పెట్టాం. అప్పటికే కాచుకుని ఉన్న ట్రాక్టరు విమానాన్ని బయటికి లాక్కుపోసాగింది. మేం క్యాంటీన్‌కు వెళ్లాం. పరీక్ష ప్రయాణం నడపవలసిన కెప్టెన్ అప్పటికే అక్కడ టీ తాగుతూ ఉంది. యాభై ఏళ్ల మనిషి. విమానం ఎక్కే ముందు దాని ముక్కును మూడుసార్లు తట్టనిదే ఎక్కదు.

"ఇవాళ కూడా తడతారా?" అన్నాను.

"తట్టకపోతే అలుగుతుందండీ. అయినా మీ సంతకం ఉందిగా, ఇది అదనం."

"నా సంతకాన్నీ మీ తట్టడాన్నీ ఒకే గాటన కట్టేశారన్నమాట."

మా బావమరిది పడీపడీ నవ్వాడు. "బావగారికి అన్నీ అనుమానాలే మేడమ్. కూరలో ఉప్పెక్కువైందని అక్కే ఒప్పుకున్నా, ఇంకోసారి రుచి చూసి గానీ నమ్మరు."

"నువ్వేంటయ్యా, ఇందాక నేనిటు వస్తుంటే నిచ్చెన నెత్తిన పెట్టుకుని పరిగెడుతున్నావు?" అందామె.

"ఆ ట్రాక్టరువాడు ఒకటే హారన్! నిచ్చెన అడ్డం తీద్దామని వెళ్లా. సరిగ్గా అప్పుడే బావగారు కేకేశారు."

నేను గ్లాసు కింద పెట్టాను.

"నేను కేకేసినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"నిచ్చెన దగ్గర."

"అక్కణ్ణుంచి రేకు కనిపించిందా?"

"తిప్పింది మీరు కదా బావగారూ."

"కనిపించిందా అని అడుగుతున్నాను."

అతని నవ్వు ఆగిపోయింది. "లేదు. అయినా వెనక సీట్లో ఎక్కేది మీరే కదా. మీరే ఎక్కబోతూ తప్పు బిగిస్తారా అనుకున్నా."

లెక్క చూస్తే ఇలా తేలింది. నేను విమానం ఎక్కుతున్నాను కనుక అతను నన్ను నమ్మాడు. అతను అవునన్నాడు కనుక నేను అతన్ని నమ్మాను. సంతకాలు రెండున్నాయి కనుక కెప్టెన్ మా ఇద్దరినీ నమ్మింది. ఆ రేకును మాత్రం ముగ్గురిలో ఎవరూ చూడలేదు. ఎదుటివాళ్ల నమ్మకాల మీద జీవితమంతా 'ఎవరు చూశారు?' అని అడుగుతూ వచ్చినవాణ్ణి, నా పని దగ్గర జవాబును ప్రశ్నలోనే పెట్టి చేతికందించాను. అక్క మొగుడు 'కదూ' అని అడిగితే కాదనే బావమరిది ఎక్కడుంటాడు?

బయటికి పరిగెత్తి ట్రాక్టరును ఆపించాను. విమానాన్ని మళ్లీ లోపలికి తోయించి, బావమరిదిని తోక దగ్గర నిలబెట్టాను. ఈసారి ఏ వైపు తిప్పుతున్నానో కూడా చెప్పలేదు.

"ఏం కనిపిస్తోందో చెప్పు."

"కిందికి వంగింది. రెండు వేళ్ల మేర." కాసేపాగి, "ఇప్పుడు పైకి."

తీగలు సరిగ్గానే ఉన్నాయి. నేను దిగి రిజిస్టరు అందుకున్నాను.

"సరిగ్గానే ఉందిగా బావగారూ, ఇంకేం రాస్తారు?"

"మొదటి సంతకాలు చూడకుండా పెట్టినవని."

"సోమవారం ఇంటర్వ్యూ. మంగళవారం రాసుకోండి, నేను వద్దన్నానా?"

మా వెనకే వచ్చిన కెప్టెన్ అటు తిరిగి నిలబడింది. "నేనేమీ వినలేదు బాబూ. ఇంజిన్ల మోతకి నా చెవులెప్పుడో పోయాయి."

ఆమె మంచితనంతోనే అంది. నాకూ ఆశ పుట్టలేదని చెప్పలేను. విమానానికి లోటు లేదు, ఎవరికీ దెబ్బ తగలలేదు. కాని రేకు సరిగ్గా ఉండటం ఆ ఉదయం మాకు తెలిసిన విషయం కాదు. తెలిసిందని ఇద్దరం రాసిచ్చాం. రెండు వాక్యాలు రాశాను. ఒకటి, రెండో తనిఖీదారు రేకును చూడకుండా సంతకం పెట్టాడని. రెండోది, నేను అడిగిన తీరు అతన్ని చూడనక్కర్లేకుండా చేసిందని.

అతను చదివాడు. "అక్కకి మీరే చెప్పుకోండి," అన్నాడు.

వాడుక ప్రకారం ఇద్దరం ఎక్కాం. అతను నాకు వీలైనంత దూరంగా, చివరి సీట్లో కూర్చున్నాడు. రెండు వేల అడుగుల దగ్గర కెప్టెన్ చక్రాన్ని వెనక్కి తిప్పింది. ముక్కు బుద్ధిగా లేచింది. కింద రోడ్లు, గోదాముల కప్పులు, ఎవరో ఆరేసిన తెల్లదుప్పట్లు. నలభై నిమిషాల్లో అతను ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు.

ఇంటర్వ్యూ రద్దయింది. నా తనిఖీ అధికారాన్ని మూడు నెలలు ఆపారు. "మీ సైన్సు ప్రయోగించడానికి మా తమ్ముడే దొరికాడా?" అని మా ఆవిడ ఒక్కసారే అంది. ఆ తర్వాత నెల రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. అంతకన్నా ఆమె తిట్టి ఉంటేనే బాగుండేది.

మరుసటి సంవత్సరం అతనికి లైసెన్సు వచ్చింది. ఇంజినీరుగా అతను చేపట్టిన మొదటి పెద్ద పని అవే తీగలు. బిగించడం అయిపోయిందని తెలిసి, పిలవకుండానే నేను తోక దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"మీరొద్దు బావగారూ."

"ఏం, ఇంకా కోపమేనా?"

"కోపం పోయి చాలా రోజులైంది." గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఇది తప్పుగా ఉంటే నా లైసెన్సుకు మళ్లీ ఎసరొస్తుంది. ఎసరు పెట్టేది మళ్లీ మీరే అవుతారు. అందుకే తప్పుగా ఉన్నా ఈసారి మీ కంటికి అది సరిగ్గానే కనిపిస్తుంది."

షెడ్డు చివర వైర్ల పని చేసుకుంటున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచాడు. పనిముట్ల బీరువా తాళం దగ్గర గొడవై, ఆమెకూ అతనికీ ఆరు నెలలుగా మాటల్లేవు.

"నీకు నేనెందుకు?" అందామె, అక్కణ్ణుంచే.

"నేనంటే నీకు పడదు కాబట్టి. రా."

ఆమె వచ్చి తోక దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. అతని మాట తప్పని నిరూపించడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆమెకు రేకు బాగా కనిపించేలా నేను పక్కకు జరిగాను.