చాక్లెట్ల హాల్లో అక్క వెనక

చాక్లెట్ల ప్రదర్శనకు ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. వెళ్తే మొదటి దుకాణం దగ్గరే కక్కుర్తిపడి, నాలుగో దుకాణానికల్లా వెగటు పుట్టి ఇంటికొచ్చేస్తారు. సెంటు పూసుకోకూడదు, కాఫీ తాగి పోకూడదు. ముందు చేదువి తినాలి, తర్వాతే పాలవి. తియ్యటిది తిన్న నోటికి చేదుది కషాయంలా తగులుతుంది. నమలకూడదు, నాలుక మీద పెట్టుకుని కరగనివ్వాలి. మధ్యమధ్య మంచినీళ్లు తాగాలి. ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఎవరెంత బతిమాలినా ఏదీ కొనకూడదు.

ఈ చట్టాలన్నీ చిట్టి వాళ్లక్కవి. ఇంట్లో అందరూ ఆవిడను కలెక్టరమ్మ అనేవారు, వెనకాల లెండి. అన్నిటికన్నా పెద్ద చట్టం ఇంకోటుంది: లోపలికెళ్లగానే అక్క కుడివైపు, చిట్టి ఎడమవైపు. చెరో సగం హాలూ రుచి చూసుకుంటూ వచ్చి చివర మంచినీళ్ల బల్ల దగ్గర కలుసుకోవాలి. "ఏదే బాగుంది?" అని అక్క అడుగుతుంది. చిట్టి చెప్పినవన్నీ కొట్టిపారేసి, తను మెచ్చినవే కొనిపిస్తుంది. ఏటా ఇదే తంతు.

రెండేళ్లుగా అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు. చిట్టి కొత్తింటికి వచ్చిన చుట్టాలందరి ముందూ అక్క కర్టెన్లు చూసి, "ఆస్పత్రి నుంచి తెచ్చావుటే?" అంది. "ముందు నీ కర్టెన్ల మీది మరకలు లెక్కపెట్టుకో," అంది చిట్టి. కర్టెన్లు కుట్టి బతికే చిట్టిని ఆస్పత్రి మాట అంటే ఊరుకుంటుందా మరి! పోయినేడు చిట్టి పంతానికి పోయి ప్రదర్శన మొహం కూడా చూడలేదు. చిట్టిది ఒంటి బతుకు. కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో అలికిడి లేదు. అక్క తిట్లు లేని ఇల్లు బావురుమంటోంది.

ఈసారి వెళ్లింది, ఎలాగైనా అక్కతో మాట కలపాలని. అందుకే ఎన్నడూ లేనిది కుడివైపు నుంచి మొదలుపెట్టింది. అక్క వస్తే ఈ దారినే వస్తుంది, తొందరగా దొరుకుతుంది.

మొదటి దుకాణంలో గడ్డమాయన చిన్న ముక్క చేతిలో పెట్టాడు. చిట్టి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఇందాక ఒకావిడ కూడా అచ్చం ఇలాగే తిన్నారండీ," అన్నాడాయన. "కొనండమ్మా అంటే, చుట్టు పూర్తికానివ్వవయ్యా అని నన్నే గదమాయించారు."

చిట్టి జనాన్ని తప్పించుకుంటూ వెళ్లింది. మూడు దుకాణాల అవతల అక్క వీపు కనిపించింది. కాస్త వంగింది. జుట్టు పల్చబడింది. పిలుద్దామని నోరు తెరిచి ఆగిపోయింది. ఇంతమందిలో అక్క మొహం తిప్పుకుని పోతే తల ఎక్కడ పెట్టుకోవాలి? తనంతట తనే వెనక్కి తిరిగి చూస్తే బాగుండును.

అలా వెనకే నడిచింది. అక్క తిన్నవే తింది. అక్క పెదవి విరిచిన చోట తనూ విరిచింది. బాగుందనో బాగోలేదనో చెప్పడానికి పక్కన మనిషి లేకపోతే ఎంత మంచి చాక్లెట్టయినా నోట్లో మట్టే.

నీళ్ల బల్ల దగ్గర అక్క ఆగింది. గ్లాసు పట్టుకుని ఎడమవైపు దారినే చూస్తూ నిలబడింది. అటునుంచి వచ్చే ప్రతి ఆడమనిషి మొహంలోకీ చూసింది. ఎంతసేపటికీ వెనక్కి తిరగదే! అక్క ఎవరికోసం చూస్తోందో చిట్టికి అప్పటికి గాని వెలగలేదు. అడుగు ముందుకేసింది. సరిగ్గా అప్పుడే బడిపిల్లల గుంపొకటి అడ్డం వచ్చింది. గుంపు కదిలేసరికి అక్క లేదు.

"ఇక్కడ నిలబడ్డావిడ ఏరమ్మా?" అని నీళ్లు పోసే అమ్మాయిని అడిగింది.

"ఇప్పుడే వెళ్లిపోయారండీ. పోయినేడు కూడా సాయంత్రందాకా ఇక్కడే ఉన్నారు పాపం. చెల్లెలు ఈసారీ రాలేదు, ఇంక రాదులే అన్నారు."

పంతం గింతం గాలికి పోయాయి. చిట్టి బయటకు పరిగెత్తింది. రోడ్డు మీద అక్క ఎక్కడా లేదు. రెండేళ్లుగా నొక్కని నంబరు నొక్కింది.

అటువైపు ఎత్తారు. బస్సు రొద వినిపించింది.

"నీ వెనకే ఉన్నానక్కా. పొద్దున్నుంచీ నీ వెనకాలే తిరిగాను. పిలవడానికి భయమేసింది."



"బస్సెక్కేశానే," అంది అక్క. తర్వాత, జన్మలో దేనికీ ఎవరి అనుమతీ అడగని కలెక్టరమ్మ అడిగింది, "దిగమంటావా?"

చిట్టి తలూపింది. ఫోనులో తలూపితే కనపడదని తట్టేసరికి, నడిరోడ్డు మీద ఏడుస్తూ, "దిగక్కా," అంది.