పదిహేను నిమిషాలు గోక్కోకూడదు

పొద్దున లేవగానే దుప్పట్లు దులుపుతాను. బాల్కనీ తలుపు తీసి, రెండు కొసలూ పట్టుకుని గట్టిగా ఒక్క విదిలింపు విదిలిస్తే దుమ్ము ఎండలోకి లేస్తుంది. దాన్ని చూడ్డం నాకిష్టం. కిందికి దిగాలన్న తొందరేమీ లేకుండా, తననెవరూ పిలవరన్న ధీమాతో తేలుతూ ఉంటుంది. నేనూ ఆ కాసేపు నన్నెవరూ పిలవరన్నట్టే నిలబడతాను. ఈలోగా ఒక గదిలోంచి "కాఫీ అయిందా?" అని, ఇంకో గదిలోంచి "అమ్మా, నా రెండో సాక్సు ఏది?" అని పిలుపులు మొదలవుతాయి. దుమ్ము ఇంకా గాల్లో ఉండగానే నేను లోపలికి వచ్చేస్తాను. వంటింటి గట్టు మీదున్న డబ్బాలోంచి చిన్న తెల్ల మాత్ర ఒకటి తీసి మింగి, పొయ్యి వెలిగిస్తాను. అది వేసుకోకపోతే మెడ మీదా చేతుల మీదా దద్దుర్లు లేస్తాయి. ఏడేళ్ళుగా ఇదే వరస.

నేను డాక్టర్ని. ఇంట్లో ఈ మాట ఎవరూ కాదనరు, కాని ఎవరికీ గుర్తుండదు. మా ఆయన సర్జన్. మామయ్యగారు కట్టించిన నలభై పడకల హాస్పిటల్ ఇప్పుడు ఆయన నడుపుతున్నారు. ఆపరేషన్‌కి ముందు ప్రతి పేషెంటునీ పరీక్షించి, గుండే ఊపిరితిత్తులూ బాగున్నాయని సంతకం పెట్టడం అక్కడ నా పని. మనిషికి ఐదు నిమిషాలు. "సొంత హాస్పిటల్లో జీతమేంటమ్మా, అంతా నీదేగా" అంటారు అత్తయ్య. అంతా నాదే కాబట్టి కాబోలు, ఆయా రానిరోజు చీపురెక్కడుందని కూడా నన్నే అడుగుతారు.

పోయినేడు ఒకావిడ వచ్చింది. ఏదో ఆఫీసులో బాత్రూములు కడిగే పని ఆవిడది. పిత్తాశయంలో రాళ్ళు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సంతకం పెట్టబోతూ మాటవరసకి "ఇంకేమైనా ఇబ్బందుందా?" అన్నాను. "అప్పుడప్పుడూ పెదాలు వాస్తాయండీ, ఊపిరాడదు. మా ఇంటాయన నటన అంటాడు" అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఎప్పుడు వస్తుంది? పనిలో ఉన్నప్పుడు. సెలవురోజు? రాదు. "అయితే పొద్దుట్నుంచీ ఏమేం ముట్టుకుంటారో వరసగా చెప్పండి" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. బకెట్టు, బ్రష్షు, ద్రావకం, రబ్బరు గ్లౌజులు. చెబుతూ చెబుతూ ఆగి, "మా పాప పుట్టినరోజున కూడా వచ్చిందండోయ్, బుడగలు ఊదుతుంటే" అంది. గ్లౌజులు రబ్బరు, బుడగలు రబ్బరు, లోపల ఆవిడ పొట్టలో చెయ్యి పెట్టడానికి సిద్ధంగా ఉన్న మా ఆయన చేతులకీ రబ్బరే. పరిగెత్తుకెళ్ళి ఆపాను. మర్నాడు వేరే రకం గ్లౌజులు తెప్పించి ఆపరేషన్ చేశారు, ఆవిడ నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. ఆ రోజు మా ఆయన నాతో అన్నది ఒక్కటే మాట. "నీ కబుర్ల వల్ల ఆపరేషన్ల లిస్టంతా గంట లేటయింది."

గంట. ఆ గంట నన్ను పట్టుకుని వదల్లేదు. గిన్నెలు సర్దుతున్నా, పాప జడ వేస్తున్నా ఆవిడ గొంతు వినబడేది. ఒళ్ళు తనకు పడనిదేదో ఎన్నేళ్ళుగానో చెబుతోంది, పక్కనున్నవాళ్ళు నటన అంటున్నారు. ఆ ఒంటి మాట వినడమే పనిగా ఉన్న చదువొకటి ఉంది కదా అనుకున్నాను. అలర్జీ, ఇమ్యునాలజీ. తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో ఒళ్ళెలా గుర్తుపడుతుంది, పాలవాణ్ణి చూసి దొంగనుకుని మొరిగే కుక్కలా ఒక్కోసారి ఎందుకు పొరబడుతుంది అని అడిగే చదువు. పాప స్కూల్లో ఉన్న వేళల్లో పుస్తకాలు చదివి, ఎవరికీ చెప్పకుండా ప్రవేశ పరీక్ష రాశాను. సీటొచ్చింది. రెండేళ్ళ కోర్సు, ఊరికి అవతలి వైపు ప్రభుత్వ కాలేజీలో. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

చెప్పక తప్పలేదు. మా ఆయన పడీపడీ నవ్వారు. "తుమ్మితే చిరంజీవ అనడానికి రెండేళ్ళు చదవాలా? అంత చదువుకుని తుమ్ముల డాక్టరమ్మ అనిపించుకుంటావా?" అత్తయ్య నా పక్షం వచ్చారు. "పోనీలేరా, అర్ధరాత్రి ఫోన్లుండవు, రక్తాలుండవు. నాలుగింటికల్లా ఇంటికొచ్చి పడుతుంది. ఆడవాళ్ళకి ఇలాంటివే అనువు." అమ్మకి ఫోన్ చేస్తే "అల్లుడుగారు సరేనంటే చెయ్యవే" అంది. చిన్న చదువని ఆయన నవ్వినందుకు బాధేసింది. అనువైన చదువని అత్తయ్య మెచ్చుకున్నందుకు అంతకన్నా ఎక్కువ బాధేసింది. నాకది ఇష్టమేమో అన్న ఊహ ఒక్కరికీ రాలేదు.

శనివారం ఆ విభాగం చూసిరావడానికి వెళ్ళాను. అక్కడి పెద్ద ప్రొఫెసర్ని విద్యార్థులు చాటుగా గంటమ్మ అంటారు, కొత్త పేషెంటు ఎవరొచ్చినా గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడుతుందని. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. "ఇంకొకళ్ళని గుచ్చేముందు నీకెలా ఉంటుందో తెలియాలి, చెయ్యిలా పెట్టు. మాత్రలేమైనా వాడుతున్నావా?" అంది. "లేదు మేడమ్" అన్నాను. నా ఎడమ చేతి మీద మోచెయ్యి నుంచి మణికట్టు దాకా పెన్నుతో గీతలు గీసి, గీత పక్కన ఒక్కో చుక్క వేసింది నర్సు. గుడ్డు, పాలు, పుప్పొడి, పిల్లి, ఇంటి దుమ్ము. ప్రతి చుక్కలోనూ సూదితో చిన్నగా గుచ్చింది. పడని వస్తువైతే అక్కడ దోమ కుట్టినట్టు పొంగుతుంది. వీటన్నిటికన్నా పైన విడిగా వేసిన మొదటి చుక్క మాత్రం ఎవరికైనా సరే పొంగి తీరాలి. పరీక్ష సరిగ్గా జరిగిందనడానికి అదే సాక్ష్యం.

నాకు ఏదీ పొంగలేదు. మొదటి చుక్క కూడా.

గంటమ్మ నా చేతిని దీపం కిందికి లాగి అటూ ఇటూ తిప్పింది. "ఈ చుక్క చచ్చినవాళ్ళకి తప్ప అందరికీ పొంగుతుందమ్మాయ్. నిజం చెప్పు, పొద్దున ఏం మింగావ్?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ తెల్ల మాత్ర పని దద్దుర్లని అణచడమే. అది ఒంట్లో ఉండగా ఈ పరీక్ష చేస్తే ఏమీ తెలియదని మెడికల్ కాలేజీ పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కాని అది మందన్న సంగతే నాకు తట్టలేదు. పొయ్యి వెలిగించేముందు చేసే పనుల్లో అదొకటి, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. గంటమ్మ మాత్రం పగలబడి నవ్వి, కాగితం తీసుకుని నా ఎదురుగా కూర్చుంది. "ఎప్పుడు మొదలయ్యాయి ఈ దద్దుర్లు?"

"పాపకి ఏడాది నిండాక మేడమ్. అప్పటిదాకా పెద్దాసుపత్రిలో ఉద్యోగం. అది మానేసి ఇంటి హాస్పిటల్లో చేరాను."

"సబ్బేమైనా మారిందా?"

"లేదు."

"ఇల్లు?"

"లేదు."

"సరే, పొద్దున లేచిన దగ్గర్నుంచీ చెప్పు. ఏదీ చిన్న విషయం అనుకోవద్దు. ఏది చిన్నదో నేను చూసుకుంటాను."

చెప్పడం మొదలుపెట్టాను. దుప్పట్లు, కాఫీ, సాక్సు, సంతకాలు, మధ్యాహ్నం క్యారియర్, హాస్పిటల్ పరదాలు ఉతికించడం, మామయ్యగారి కళ్ళమందు, పాప లెక్కలు, చల్లారిపోయాక నేను తినే భోజనం. ఆవిడ అయ్యో అనలేదు, తల పంకించలేదు, రాసుకుంటూ పోయింది. నడుమ నడుమ "చల్లారిపోయాకంటే ఎంతసేపటికి?" లాంటి ప్రశ్న ఒకటి వేసేది. ఎక్కడో నీళ్ళలో మునిగి నా గొంతు నేనే వింటున్నట్టుంది. ఒక మనిషి నా రోజు గురించి ఇంత శ్రద్ధగా అడగడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. లేచి చూస్తే గంటా పది నిమిషాలైంది. "మాత్ర ఆపేసి శుక్రవారం రా. ఈ ఆరు రోజులూ ఒళ్ళు చెప్పేది చెప్పనీ" అంది.

మర్నాడు ఆదివారం మా ఆయన స్నేహితులు, అందరూ డాక్టర్లే, భార్యలతో భోజనానికి వచ్చారు. అప్పటికే నా మెడ చుట్టూ ఎర్రగా లేచింది. "వచ్చినవాళ్ళేమనుకుంటారమ్మా, మెడ దాకా కప్పేదేదైనా వేసుకో" అన్నారు అత్తయ్య. "ఒక్క మాత్రతో పోయేదానికి ఈ పంతమేంటి?" అన్నారు ఆయన. నేను వడ్డిస్తున్నాను. ఆయన బల్ల చివర కూర్చుని రబ్బరు గ్లౌజుల కథ చెబుతున్నారు. "ఆవిణ్ణి చూడగానే నాకెందుకో అనుమానమొచ్చింది. ఆపండ్రా, రబ్బరేమో అన్నాను." ఒకాయన బల్ల మీద కొట్టి "నీ బుర్రే బుర్రరా!" అన్నాడు. నేను గరిటె పట్టుకుని ఆయన మొహంలోకే చూశాను. అబద్ధమాడుతున్న మొహం కాదది. ఆయన నిజంగానే నమ్ముతున్నారు. ఆయన జ్ఞాపకంలో ఆ గంటలో నేను లేనే లేను.

"అడిగి కనిపెట్టింది నేను" అన్నాను. ఆయన నవ్వి, "ఆలూమగలం ఒకటే కదా, నువ్వైతేనేం నేనైతేనేం" అన్నారు. అందరూ నవ్వారు. ఆ ఊపులోనే "వచ్చే నెల నుంచి హెల్త్ చెకప్‌ల విభాగం కూడా తెరుస్తున్నాం. అదంతా తనే చూసుకుంటుంది. తనకేం, ఖాళీయేగా" అని ప్రకటించేశారు. నాతో ఒక్క మాట కూడా అనకుండా. ఒళ్ళు మండిపోయింది. ఇద్దరం ఒకటే అయితే ఆ ఒకటీ ఎప్పుడూ ఆయనే ఎందుకవుతారో అడగాలనుకున్నాను. ఈలోగా ఎవరో మంచినీళ్ళడిగారు.

ఆ తర్వాతి రోజులన్నీ ఒక మత్తులో గడిచాయి. కునుకు పట్టేది కాదు, పగలు కళ్ళ ముందు అన్నీ మెత్తగా, దూరంగా కదిలేవి. దద్దుర్లు ఒకచోట లేచి, కాసేపుండి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయి ఇంకోచోట తేలేవి. బుధవారం మధ్యాహ్నం స్కూలు లేకపోవడంతో పాప నా పక్కన పడుకుని పెన్నుతో వాటి చుట్టూ గీతలు గీసింది. "అమ్మా, ఇది ద్వీపం. ఇది దానికంటే పెద్ద దేశం. ఇక్కడ నిన్న ఒక ఊరుండేది, మునిగిపోయింది." ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చి మా ఇద్దరి కాళ్ళ మీదా పడుకుంది. దురద నిప్పులా ఉంది. అయినా చాలా ఏళ్ళ తర్వాత నా ఒంటితో నేనూ ఒకే గదిలో ఉన్నట్టనిపించింది. "నువ్వు మళ్ళీ కాలేజీకి వెళ్తావా?" అంది పాప. "వెళ్ళనా?" అన్నాను. "వెళ్తే నీక్కూడా హోంవర్క్ ఉంటుంది మరి" అని హెచ్చరించింది.

శుక్రవారం మధ్యాహ్నం హాస్పిటల్‌కి వెళ్ళే బస్సు వదిలేసి కాలేజీ వైపు వెళ్ళే బస్సెక్కాను. నర్సు మళ్ళీ గీతలు గీసి, చుక్కలు వేసి, గుచ్చి, గోడ గడియారం వైపు చూపించింది. "పదిహేను నిమిషాలు కదపకూడదు, గోక్కోకూడదు. ఊరికే కూర్చోండి." ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. కుడి చెయ్యి తనంతట తనే బల్ల మీది నూలుపోగులు ఏరడం మొదలుపెట్టింది. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీ అవతల ఎవరో సైకిల్ తొక్కుకుంటూ పోయారు. పంకా తిరుగుతోంది. పక్క గదిలోంచి గంటమ్మ గొంతు, "ఆ తర్వాత ఏం చేశావమ్మా?" అని ఎవరినో తీరిగ్గా అడుగుతోంది.

మొదటి చుక్క కింద ఏదో చిమచిమలాడింది. చూస్తుండగానే చర్మం గుండ్రంగా, తెల్లగా పొంగింది. మిగతా చుక్కలన్నీ కడిగిన పలకలా ఉన్నాయి. గంటమ్మ వచ్చి స్కేలుతో కొలిచింది. "గుడ్డూ పాలూ పిల్లీ దుమ్మూ, ఏవీ కావు. చాలామందికి ఇంతేనమ్మాయ్, బయటి కారణమేదీ దొరకదు. అంతమాత్రాన దద్దురు అబద్ధం కాదు. మందు మార్చి చూద్దాం. వెతకడం ఎలాగో మాత్రం ఇక్కడ నేర్చుకుందువుగాని, ఉంటే." ఉంటే అన్న మాట దగ్గర ఆగి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, కోర్సులో చేరే దరఖాస్తు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది.

రోజుకి పాతిక సంతకాలు పెట్టే చెయ్యి నాది. అన్నీ వేరేవాళ్ళ ఒంటికి నేను పూచీ పడేవే. ఈ ఒక్కటి మాత్రం నా కోసం. పెట్టాను. పేరు కూడా పక్కన స్పష్టంగా, పొట్టి చెయ్యకుండా, పూర్తిగా రాశాను.

సిరా ఆరకముందే ఫోన్ మోగింది. మా ఆయన. వెనకాల స్ట్రెచర్ చక్రాల చప్పుడు, ఎవరినో విసుక్కుంటున్న నర్సు.

"ఎక్కడున్నావ్? ఇక్కడ ముగ్గురు పేషెంట్లు నీ సంతకం కోసం కూర్చున్నారు."

"కాలేజీలో ఉన్నానండీ. వాళ్ళని చూడ్డానికి వేరే డాక్టర్ని పిలిపించండి."

"ఇంకా ఆ తుమ్ముల గొడవేనా? సరేలే, తొందరగా తెముల్చుకో. ఎంతసేపట్లో వస్తావ్?"

నేను చేతి మీద పొంగిన చుక్కని చూసుకున్నాను. గోక్కోలేదు.

"రెండేళ్ళు పడుతుందండీ" అన్నాను.